పాత లండన్ మరణాల పట్టీ చదవడం ఎలా

విశాఖ మహారాణిపేటలోని ఒక ఆసుపత్రిలో మరణ ధ్రువీకరణ ఫారాలు సరిచూడడం నా పని. ఫారం-4లో కారణం దగ్గర ‘గుండె ఆగిపోవడం’ అని మాత్రమే ఉంటే వెనక్కి పంపిస్తాను. పోయేటప్పుడు అందరి గుండే ఆగుతుంది, ఎందుకు ఆగిందన్నది కావాలి. పదిహేడో శతాబ్దపు లండన్‌లో ఏ కారణంతో ఎందరు పోయారో వారం వారం లెక్క చూపిన మరణాల పట్టీలను కూడా నేను ఆ కంటితోనే చదువుతాను. చరిత్ర చదివే పిల్లలు వాటిని ఫోనులో తెచ్చి ఏమీ అర్థం కావడం లేదంటుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు రోగాల పేర్లు వదిలేసి, ఆ పేరు ఎవరు చెప్పారో చూడండి. పట్టీ ప్రతి గురువారం అచ్చయ్యేది. ఎవరైనా చనిపోతే చర్చి పరిధిలోని పేద వృద్ధ స్త్రీలు ఆ ఇంటికి వెళ్లి, శవాన్ని చూసి, ఇంటివాళ్లను అడిగి కారణం చెప్పేవారు. శవానికింత అని కొద్దిపాటి డబ్బు ముట్టేది. వైద్యుడు చూడాలన్న నియమమేమీ లేదు. కాబట్టి ‘క్షయ’ అని ఉన్నంత మాత్రాన టీబీ అనుకోకండి. చిక్కి శల్యమై పోయినవాళ్లంతా ఆ వరుసలోనే చేరేవారు. ఆ స్త్రీలకు కాస్త బీరు, రెట్టింపు రుసుము ముట్టితే సుఖవ్యాధి కూడా అక్కడికే చేరేదని, ఈ పట్టీలను లెక్కగట్టి పుస్తకం వేసిన లండన్ వ్యాపారి జాన్ గ్రాంట్ 1662లోనే రాశాడు.

‘పళ్లు’ అనే వరుస చూసి చాలామంది తికమకపడతారు. పళ్లు వచ్చే వయసులో పోయిన పసివాళ్లు వాళ్లు. 1728 దాకా పట్టీలో వయసులు వేయలేదు కనుక, పిల్లల లెక్క మీరే కట్టుకోవాలి. పళ్లు, మూర్ఛ, రికెట్స్ (పిల్లల ఎముకలు మెత్తబడే రోగం), నెల నిండని శిశువులు ఇలాంటి వరుసలన్నీ ఒకచోట కూడండి. మసూచి, తట్టు వరుసల్లో పెద్దవాళ్లూ ఉంటారు కనుక వాటిలో సగం కలపండి. గ్రాంట్ చేసిందీ అదే. నూటికి 36 మంది ఆరేళ్లు రాకముందే పోతున్నారని అతను తేల్చాడు. ఏ ఇంట్లో చూసినా ఈ దుఃఖం ఉండేదన్నమాట. ఆ అంకె దగ్గర కాసేపు ఆగండి, ఊరికే దాటిపోకండి.

ఇక ప్లేగు. ఇక్కడ తీసివేత తప్పనిసరి. 1665 సెప్టెంబరు 12 నుంచి 19 వరకు ఖననాలు 8,297, అందులో ప్లేగు 7,165. మిగిలినవి 1,132. ఇప్పుడు ముందటి ఏడాది పట్టీ తీయండి. 1664లో మొత్తం 18,297, ప్లేగు ఆరు మాత్రమే. అంటే వారానికి సుమారు 350. ప్లేగు కాని చావులు ఒక్కసారిగా మూడు రెట్లు ఎలా పెరిగాయి? పైగా రాజు మొదలుకొని స్తోమత ఉన్నవాళ్లెందరో అప్పటికే ఊరు విడిచిపోయారు. ప్లేగు అని రాస్తే తలుపుకు తాళం పడేది, దానిమీద ఎర్ర శిలువ, బయట కాపలా. లోపల బతికున్నవాళ్లు కూడా బందీలే. అందుకే ‘జ్వరం’ అని రాయించుకునేవారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఏడాది మొత్తానికీ ఇదే లెక్క వేయండి. 97,306లో 68,596 తీసేస్తే 28,710 మిగులుతాయి. మామూలు ఏడాదికన్నా పదివేలు ఎక్కువ. దాచిన ప్లేగును అందులోనే వెతకాలి.

పట్టీలోకి ఎక్కనివాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్ అధికార చర్చి శ్మశానాల్లో పూడ్చినవాళ్లే ఇందులో ఉంటారు. ఆ చర్చిలో చేరని క్రైస్తవ శాఖ క్వేకర్లు, యూదులు కనిపించరు. పట్టీలో ఖననాలతో పాటు ఇచ్చే అంకె కూడా బాప్టిజాలది, జననాలది కాదు.

అడుగున రొట్టె తూకం ఉంటుంది, దాన్ని వదలకండి. ఒక పెన్నీ నాణేనికి అమ్మే రొట్టె ఎంత బరువు ఉండాలో చెప్పే నగర మేయరు ఉత్తర్వు అది. గోధుమ ధర పెరిగితే రొట్టె ధర మారదు, రొట్టే చిన్నదవుతుంది. వరుసగా కొన్ని వారాల పట్టీలు తీసుకొని, ఆ తూకాన్ని జ్వరాల వరుస పక్కన రాసుకుంటూ పోండి, రొట్టె చిన్నదైనప్పుడు జ్వరాలు పెరిగాయేమో చూడవచ్చు.