నెగ్రోస్ చెరకు సీమలో పాత మేడలు ఎలా చూడాలి?

ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే పంచదారలో సగానికి పైగా ఒక్క నెగ్రోస్ దీవి నుంచే వస్తుంది. ఆ దీవి పడమటి భాగం నెగ్రోస్ ఆక్సిడెంటల్. చెరకు డబ్బుతో లేచిన మేడలు అక్కడి ఊళ్లలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రెండు రోజుల్లో ముఖ్యమైనవి చూడొచ్చు, మూడు రోజులుంటే హాయిగా తిరగొచ్చు. కాకపోతే నేరుగా మేడల్లోకి వెళ్లకండి. ముందు చెరకు చూడండి. ఆ పొలం చూడకుండా మేడ చూస్తే అది అందమైన పాత ఇల్లుగానే మిగిలిపోతుంది.

1. క్రషింగ్ నడిచే రోజుల్లో వెళ్లండి

దాదాపు అక్టోబర్ నుంచి మే దాకా మిల్లులు ఆడతాయి. రోడ్డు నిండా చెరకు లారీలు, గాలిలో ఉడుకుతున్న బెల్లం వాసన. అనకాపల్లి వైపు బెల్లం వండే రోజుల్లో తిరిగినవాళ్లకు ఆ వాసన పరిచయమే. మిల్లు ఆగిపోయిన నెలలను అక్కడివాళ్లు 'తియెంపో ముయెర్తో' అంటారు. స్పానిష్‌లో చచ్చిన కాలం అని అర్థం. పొలంలో పని ఉండదు, కూలీ ఉండదు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, ప్రతి మేడలోనూ అవసరమవుతుంది.

మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు 2025 జూన్ నుంచి 14 రోజుల పాటు వీసా లేకుండా ఫిలిప్పీన్స్ వెళ్లొచ్చు. టికెట్ కొనేముందు నిబంధనలు మరోసారి చూసుకోండి.

2. బాకోలోడ్‌లో దిగండి

నెగ్రోస్ ఆక్సిడెంటల్ రాజధాని బాకోలోడ్‌లో గది తీసుకుంటే తలిసాయ్, సిలాయ్, విక్టోరియాస్ ఊళ్లు మూడూ ఉత్తరంగా ఒకే దారిలో వస్తాయి. మన షేర్ ఆటోల్లా జనాన్ని ఎక్కించుకునే జీప్నీలు తిరుగుతూనే ఉంటాయి. విమానాశ్రయం మాత్రం సిలాయ్‌లో ఉంది. పక్క దీవిలోని ఇలోయిలో నుంచి పడవలోనూ రావచ్చు. ఓపిక ఉంటే పడవే ఎక్కమంటాను, ఎందుకంటే ఈ కథ వచ్చిన దారి అదే. 1855లో ఇలోయిలో రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. బ్రిటిష్ వైస్ కాన్సల్ నికొలస్ లోనీ అక్కడికి చేరి, ఇనుప చెరకు యంత్రాలు అప్పు మీద ఇప్పించాడు. వెళ్లే ఓడల్లో పంచదార, వచ్చే ఓడల్లో మాంచెస్టర్ బట్ట. ఇలోయిలో మగ్గాలు కూలబడ్డాయి, డబ్బూ మనుషులూ జలసంధి దాటి నెగ్రోస్ చేరారు. మన చేనేతకు ఏం జరిగిందో తెలిసిన తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పాలా?

3. ఒక రోజంతా సిలాయ్‌కి ఇవ్వండి

పొద్దున్నే చేరి నడవండి. ముఖ్యమైనవన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. మ్యూజియంలు సోమవారం మూసి ఉండే అవకాశం ఎక్కువ, ఆ రోజు పెట్టుకోవద్దు.

మొదట బాలాయ్ నెగ్రెన్సె. ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చి ఇక్కడ చెరకు సాగు చేయించిన ఇవ్ లెయోపోల్ జెర్మేన్ గాస్తోన్ కొడుకు విక్టర్ ఇల్లు ఇది. 1897 ప్రాంతంలో కట్టారు. 1990 నుంచి మ్యూజియంగా ఉంది. మేడ మీది కిటికీల దగ్గర కాసేపు ఆగండి. అద్దాలకు బదులు కాపిజ్ అనే పల్చటి ఆల్చిప్ప పెంకులను చిన్న చిన్న చదరాలుగా కోసి చెక్క చట్రాల్లో బిగించారు. బయట ఎండ మండుతున్నా లోపలికి పాలు కలిపినట్టున్న వెలుతురే వస్తుంది. కిటికీ కింద, నేలకు దగ్గరగా మరో చిన్న కిటికీ ఉంటుంది. దాని పేరు వెంతనిల్య. పైది మూసినా కిందనుంచి గాలి ఆడుతుంది. గదుల మధ్య గోడల పైభాగంలో లతల్లా చెక్కిన చెక్క జాలీ కూడా గాలి కోసమే.

తర్వాత 1908 నాటి గులాబీ రంగు ఇల్లు, హలందోని మ్యూజియం. తలెత్తి పైకప్పు చూడండి. పూలు అచ్చొత్తిన ఆ లోహపు రేకులు జర్మనీలోని హాంబర్గ్ నుంచి తెప్పించినవని చెబుతారు.

ప్రతి ఇంటి ముందూ కట్టిన ఏడాది వెతకండి. 1898కి ముందుదైతే స్పెయిన్ కాలం, తర్వాతిదైతే అమెరికా కాలం. 1909లో అమెరికా ఇక్కడి పంచదారకు, ఒక పరిమితి దాకా, సుంకం ఎత్తేసింది. ఆ తర్వాత కట్టిన ఇళ్లలో కాంక్రీటు ఎక్కువవుతుంది.

1898 నవంబర్ 5 సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. స్పెయిన్ మీద తిరగబడినవాళ్ల దగ్గర తుపాకులు చాలా తక్కువ. తాటిజాతి మట్టలను తుపాకుల్లా చెక్కారు. వెదురు తడికలు చుట్టి, నల్లరంగు పూసి ఫిరంగుల్లా మోసుకెళ్లారు. దూరం నుంచి చూసిన స్పానిష్ దళం మరునాడు లొంగిపోయింది. నడిపించిన అనిసెతో లాక్సోన్, హువాన్ అరనేతా ఇద్దరూ చెరకు భూస్వాములే. జెండా మారినా భూమి ఎవరి చేతిలో ఉందో అక్కడే ఉండిపోయింది.

4. సాయంత్రానికి తలిసాయ్

పొద్దు వాలే వేళకు 'ది రూయిన్స్' చేరండి. మరియానో లాక్సోన్ కట్టించిన మేడ ఇది. మకావు నుంచి వచ్చిన అతని భార్య మరియా బ్రాగా కాన్పు కాకముందే కన్నుమూసింది. స్తంభాల మీద ఎదురెదురుగా ఉన్న రెండు 'ఎమ్' అక్షరాలను వేలితో తడిమి చూడండి, ఆ ఇద్దరి పేర్లవి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం స్థావరం చేసుకోకుండా స్థానిక గెరిల్లాలే నిప్పు పెట్టారు. చెక్కంతా కాలిపోయి స్తంభాలూ గోడలూ మిగిలాయి.

5. విక్టోరియాస్ వదలొద్దు

సెయింట్ జోసెఫ్ ద వర్కర్ చర్చి ఇక్కడి పంచదార మిల్లు ఆవరణలో ఉంది. గేటు దగ్గర అడుగుతారు, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. ప్రార్థన జరుగుతుంటే వెనకే నిలబడండి. బలిపీఠం వెనక గోడంతా కోపంగా చూసే క్రీస్తు. మిల్లు యజమాని కొడుకు అల్ఫోన్సో ఒస్సోరియో 1950లో వేసిన చిత్రమిది. మండే గుండె, విప్పార్చిన కళ్లు. స్పానిష్ పాలన అప్పటికి ఎప్పుడో పోయింది, కానీ ఈ సీమను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి గోడ లేదు. చర్చి ఆర్కిటెక్ట్ ఆంటోనిన్ రేమండ్. పుదుచ్చేరి అరవింద ఆశ్రమంలోని గోల్కొండ్ భవనమూ ఆయనదే. హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ ద్వారా అందిన డబ్బుతో కట్టినందుకే దానికి ఆ పేరు.

6. గైడ్‌ని ఈ ప్రశ్న అడగండి

'ఇంట్లో వంట ఎవరు చేసేవారు, తోటలో చెరకు ఎవరు కొట్టేవారు?' అని ప్రతి మేడలోనూ అడగండి. పక్క దీవుల నుంచి సీజన్‌కి వచ్చే కూలీలను సకాదాలంటారు. 1980లలో పంచదార ధర పడిపోయినప్పుడు ఇదే దీవిలో పిల్లలు ఆకలికి చనిపోయారు. 1985 సెప్టెంబర్ 20న ఎస్కలాంతెలో నిరసనకు దిగిన జనం మీద కాల్పులు జరిపి ఇరవై మందిని చంపారు. మేడల్లోని ఫొటోల్లో ఈ మనుషులు కనబడరు. అడిగితేనే చెబుతారు, అడిగితే చాలామంది మనసు విప్పి చెబుతారు కూడా.

తిరుగు ప్రయాణానికి ముందు పియాయా కొనుక్కోండి. పల్చటి రొట్టెలో నల్ల బెల్లం పొడి పెట్టి, పైన నువ్వులు చల్లి పెనం మీద కాలుస్తారు. పప్పు లేని బొబ్బట్టు అనుకోండి. శాకాహారులైతే పిండిలో ఏ కొవ్వు కలిపారో ముందే అడగండి. పొయ్యి మీంచి తీసిన వెంటనే కొరకొద్దు, లోపలి పాకం నాలుక కాలుస్తుంది. తుంచి, ఆవిరి పోయాక తినండి.