జంక్షనల్ రిథమా కాదా, ఈసీజీలో త్వరగా చూసుకునే పద్ధతి

జంక్షనల్ రిథమ్ అంటే గుండె పై గదులకీ కింది గదులకీ మధ్య ఉండే ఏవీ జంక్షన్ నుంచి గుండె కొట్టుకోవడం మొదలవడం. డ్యూటీలో స్లో రేటు ఈసీజీ చేతికొస్తే పి వేవ్ (పై గదుల అల) ఉందా లేదా అని పన్నెండు లీడ్లూ వెతుక్కుంటూ కూర్చోవడం పెద్ద తలనొప్పి. ముందు కింద ఉండే లీడ్ టూ పొడవాటి స్ట్రిప్ ఒక్కటే చూడండి, ఒక పేపర్ ముక్క అంచు మీద మూడు ఆర్ పీకులకి (ఎత్తైన మొనలకి) పెన్నుతో గీతలు పెట్టి పక్కకి జరుపుతూ పోతే గీతలు కలుస్తున్నాయా లేదా తెలిసిపోతుంది, కలిస్తే రెగ్యులర్. తర్వాత క్యూఆర్ఎస్ (కింది గదుల అల) వెడల్పు, మూడు చిన్న గళ్ళ లోపు ఉండాలి. ఇప్పుడు పి వేవ్: అసలు కనపడకపోవచ్చు, లేదా లీడ్ టూ, త్రీ, ఏవీఎఫ్‌లో తలకిందులుగా ఉండి క్యూఆర్ఎస్‌కి ముందు మూడు చిన్న గళ్ళ కంటే తక్కువ దూరంలోనో, వెనకాలో ఉంటుంది (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే ఎస్‌టీ భాగం మొదట్లో చిన్న నొక్కులా ఉంటే అదే, చాలామంది వదిలేస్తారు). ఏవీఆర్‌లో అదే పి నిటారుగా ఉంటే ఇంకాస్త నమ్మకం. రేటు నిమిషానికి 40-60 అయితే జంక్షనల్ ఎస్కేప్, 60-100 యాక్సిలరేటెడ్, 100 దాటితే టాకీకార్డియా. డిగాక్సిన్ (గుండె మందు, ఎక్కువైతే ఈ రిథమ్ రావచ్చు) వాడుతున్నారా అని కూడా అడగండి.

ఇది పనిచేయని చోటు ఏంటంటే, ముందునుంచే బండిల్ బ్రాంచ్ బ్లాక్ (కింది గదులకి కరెంటు వెళ్ళే దారిలో అడ్డు) ఉంటే క్యూఆర్ఎస్ వెడల్పుగానే వస్తుంది, పొటాషియం బాగా పెరిగినా పి వేవ్ మాయమవుతుంది, కాబట్టి పి లేదు క్యూఆర్ఎస్ వెడల్పు అంటే పేపర్ పక్కన పెట్టి ముందు పొటాషియం పరీక్షకి రక్తం పంపించి సీనియర్‌ని పిలవండి.