సెకండ్ హ్యాండ్ సెడాన్ నడిపి చూడటం, 5వ పాఠం: లాగుతున్నది బండా, రోడ్డా?

పోయిన పాఠంలో రెండు పరీక్షలు చెప్పాను. చల్లగా ఉన్న ఇంజన్‌ని మీ ఎదుటే స్టార్ట్ చేయించడం ఒకటి, తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుని చూడటం రెండోది. రెండింటి దగ్గరా చాలామంది తికమకపడ్డారు. నిక్షేపంలాంటి బండిని వద్దనుకుని వచ్చేసినవాళ్లూ ఉన్నారు, లోపం కళ్ల ముందే కనపడుతున్నా సరేనన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈసారి చెప్పాల్సిన చప్పుళ్ల సంగతి చివర్లో కుదిరినంతే. ముందు ఇవి సరిచేసుకుందాం.

పొగ సంగతి త్వరగా తేలిపోతుంది. చల్లటి ఉదయం సైలెన్సర్ నుంచి తెల్లగా వచ్చేది చాలాసార్లు ఆవిరే. గొట్టం దాటి కాస్త దూరం పోగానే కలిసిపోతుంది, ఇంజన్ వేడెక్కాక ఆగిపోతుంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్లగా, దట్టంగా వస్తూ, గాలిలో నిలిచి, తియ్యటి వాసన కొడితే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కాలుతున్నట్టు. అప్పుడు హెడ్ గాస్కెట్‌ని (ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) అనుమానించండి. నీలం పొగ ఇంజనాయిల్‌ది. పెట్రోలు బండిలో నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువగా పడుతోందని. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఈ పరీక్షకి అర్థమే లేదు. రాత్రంతా కదలకుండా ఉన్న బండిని పొద్దున్నే చూపించమనండి. కుదరదంటే నేనైతే ఆ బండి జోలికి పోను.

ఇక లాగుడు. స్టీరింగ్ వదులు చేయగానే బండి ఎడమకి జరిగింది, అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) పోయింది అని తేల్చేయడం తొందరపాటు. వాన నీరు నిలవకుండా రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. ఎడమ పక్క నడిపే చోట ఏ మంచి బండైనా ఆ వాలు వెంట మెల్లగా ఎడమకే జరుగుతుంది. కుడి పక్క నడిపే చోట కుడికి. అది లోపం కాదు.

ఇక్కడే అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసి చేసే పొరపాటు ఒకటుంది. యూటర్న్ తీసుకుని అదే రోడ్డు మీద వెనక్కి వస్తూ ఇంకోసారి చూస్తారు. మళ్లీ ఎడమకే జరిగేసరికి, రెండు వైపులా లాగింది కాబట్టి లోపం బండిదే అంటారు. వెనక్కి వచ్చేటప్పుడు కూడా మీరున్నది మీ ఎడమ పక్కనే కదా. వాలూ మీ ఎడమకే ఉంటుంది. ఆ యూటర్న్‌తో తేలేది ఏమీ లేదు. ఖాళీగా, చదునుగా ఉన్న మైదానం వంద మీటర్లు దొరికితే చాలు, అక్కడ 30 కిలోమీటర్ల వేగంతో అటొకసారి, ఇటొకసారి పోనివ్వండి. చేతులు పూర్తిగా తీయొద్దు. వేళ్లు స్టీరింగ్ చుట్టూ ఉండాలి, పట్టు మాత్రం ఉండకూడదు. చదును నేల మీద రెండు దిశల్లోనూ ఒకే పక్కకి లాగితే అది బండి లాగుడే. రోడ్డు మీద వాలుకి ఎదురు పక్కకి లాగినా అంతే, ఇంకో పరీక్ష అక్కర్లేదు.

దీనికంటే ముందు టైర్లలో గాలి చూడాలి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ముందు టైర్లలో ఒకదాంట్లో 32, ఇంకోదాంట్లో 26 పీఎస్‌ఐ ఉంటే తక్కువ ఉన్న పక్కకి లాగుతుంది. గేజ్ మీరే తీసుకెళ్లండి.

గాలి సరిగ్గా ఉన్నా లాగితే, ఎప్పుడు లాగుతోందో పట్టుకోండి. కారణం అక్కడే దొరుకుతుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే కుడికి పోతే, ఎడమ చక్రం బ్రేకు సరిగ్గా పట్టడం లేదేమో చూడాలి. ఎప్పుడూ కుడికే లాగుతూ, నడిపి ఆపాక కుడి ముందు చక్రం దగ్గర ఎక్కువ వేడి తగిలితే, ఆ చక్రం కాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) బిగుసుకుపోయి వదలడం లేదు. చెయ్యి రిమ్ దగ్గరగా పెట్టి చూడండి, డిస్క్‌ని ముట్టుకోవద్దు. యాక్సిలరేటర్ నొక్కితే ఒక పక్కకి, వదిలితే ఇంకో పక్కకి పోతే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుకి కలిపే చెయ్యి) బుష్‌లు, అంటే దాని రబ్బరు కీళ్లు, అరిగిపోయి ఉంటాయి. బండి తిన్నగానే పోతోంది కానీ స్టీరింగ్ వంకరగా ఉందంటే, అది లాగుడు కాదు, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సెట్టింగ్ తేడా. ముందు రెండు టైర్లూ వేర్వేరు కంపెనీలవైతే ముందు వాటినే అనుమానించండి. యజమాని ఒప్పుకుంటే ఆ రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడొచ్చు. లాగే దిశ కూడా మారితే లోపం టైరుది. తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉన్న టైర్లని మాత్రం అలా మార్చకూడదు.

ఇంత విడమరచి చెప్పడానికి కారణం ఉంది. గాలి, టో లాంటివి కొద్ది ఖర్చుతో పోతాయి. గుద్దుకున్నప్పుడు ఆర్మో, అది బిగించి ఉండే సబ్‌ఫ్రేమో వంగి ఉంటే అలా పోదు. ఆ అనుమానం ఉంటే అలైన్‌మెంట్ చేయించి, సరిచేయకముందు అంకెలున్న కాగితం తీసుకోండి. క్యాస్టర్‌లో (పక్కనుంచి చూస్తే చక్రం మలుపు తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండే కోణం) ఎడమకీ కుడికీ అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే ఎందుకో అడగండి. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్లలో క్యాస్టర్ సర్దడానికి ఏర్పాటే ఉండదు, కాబట్టి ఆ తేడా చాలాసార్లు దెబ్బ వల్లో, అరిగిన భాగాల వల్లో వచ్చి ఉంటుంది.

ఇక చప్పుళ్లు. పాటలు, ఏసీ ఆపేయండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే టక్ టక్ మంటే అరిగింది సీవీ జాయింట్ (ఇంజన్ శక్తిని చక్రానికి అందించే షాఫ్ట్ కీలు). వేగంతో పెరిగే గూ మనే మోత, కుడి మలుపులో ఇంకా పెరిగితే ఎడమ చక్రం బేరింగ్‌ని అనుమానించండి, ఎడమ మలుపులో పెరిగితే కుడిది. రోడ్డు మారగానే మోత కూడా మారిపోతే అది టైర్లది. సెడాన్‌లో డిక్కీ విడిగా ఉంటుంది కాబట్టి వెనక చక్రాల మోత డ్రైవర్‌కి స్పష్టంగా వినపడకపోవచ్చు. వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టకుండా నేను ఏ సెడాన్‌నీ పరీక్షించను. మాన్యువల్ బండైతే నాలుగో గేరులో 50 దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది.

అభ్యాసం: కొనాలనుకున్న మోడల్‌వే మూడు బండ్లు, ఒకే దారిలో, ఒకే వరసలో నడపండి. ప్రతి బండికీ గాలి అంకెలు, లాగే దిశ, ఎప్పుడు లాగింది, ఆపాక నాలుగు చక్రాల వేడి రాసుకోండి. మూడో బండి అయ్యేదాకా ధర మాట ఎత్తొద్దు.