టైమ్‌కోడ్ రికార్డుతో స్క్రాచింగ్‌కు కంప్యూటర్‌ను సిద్ధం చేసుకోవడం

స్క్రాచింగ్ అంటే తిరిగే రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ కదిపి శబ్దాలు పుట్టించడం. కంప్యూటర్‌లోని పాటను అలా కదపడానికి వాడే టైమ్‌కోడ్ రికార్డులో పాట ఉండదు. సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్ సంస్థ రికార్డునే తీసుకుంటే, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేటప్పుడు అందులో వినిపించేది దాదాపు 1000 హెర్ట్జ్ కీచు స్వరం మాత్రమే. ఆ స్వరం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ చేతి వేగాన్ని లెక్కిస్తుంది. ఎడమ, కుడి చానళ్లలో ఏది ముందు నడుస్తున్నదో చూసి రికార్డు ముందుకు కదులుతున్నదా వెనక్కు కదులుతున్నదా అని తేల్చుకుంటుంది. స్వర తీవ్రతలోని సూక్ష్మమైన హెచ్చుతగ్గులలో దాచిన సంకేతాల ద్వారా సూది ఎక్కడ ఉన్నదో గుర్తిస్తుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ లోపంగా కనిపించే చిక్కులలో చాలా భాగం నిజానికి సూది దగ్గరో, తీగల దగ్గరో పుడతాయి. సెట్టింగులను మార్చే ముందు వాటిని చూడటం మేలు.

సూది కొనను మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) తయారీదారు సూచించిన బరువు పరిమితిలో పై అంచుకు దగ్గరగా ట్రాకింగ్ బరువును, అంటే సూది రికార్డు మీద మోపే బరువును, ఉంచండి. యాంటీ స్కేట్‌ను, అంటే సూది చేయి రికార్డు మధ్యకు లాగబడకుండా ఆపే సర్దుబాటును, స్క్రాచింగ్ చేసేవారు సాధారణంగా సున్నాకు తెస్తారు. రికార్డు కింద రబ్బరు మ్యాట్ కాకుండా జారే స్లిప్‌మ్యాట్ ఉండాలి.

టర్న్‌టేబుల్ తీగలు ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి, బయటకు చేరవేసే పరికరం) ఇన్‌పుట్‌లలోకి వెళ్లాలి. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌లు మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లలోకి రావాలి. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే కనుక ఇంటర్‌ఫేస్‌లో, బలహీన సంకేతాన్ని పెంచే ఫోనో ఇన్‌పుట్‌ను ఎంచుకోవాలి. అయితే టర్న్‌టేబుల్‌లోనే సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ ఉండి అది పనిచేస్తూ ఉంటే మాత్రం లైన్ ఇన్‌పుట్‌ను వాడాలి, లేకపోతే సంకేతం రెండుసార్లు పెరిగి చెదిరిపోతుంది. టర్న్‌టేబుల్ గ్రౌండ్ తీగను కలపడం మరచిపోతే వచ్చే గుయ్‌మనే శబ్దం వినడానికి ఇబ్బందిగా ఉండటమే కాక, టైమ్‌కోడ్‌ను కూడా కలుషితం చేస్తుంది.

పేరు చివర మూడు ఎక్స్‌లు ఉండే మిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం కనుక ఉదాహరణకు దానినే తీసుకుందాం. సౌండ్ హార్డ్‌వేర్ సెట్టింగులలో వినైల్ కంట్రోల్ 1కి మొదటి టర్న్‌టేబుల్ వచ్చే ఇన్‌పుట్ జతను, డెక్ 1కి మిక్సర్‌కు వెళ్లే అవుట్‌పుట్ జతను కేటాయించి, వినైల్ కంట్రోల్ పేజీలో మీ దగ్గర ఉన్న రికార్డు రకాన్ని, అది ఏ వైపో కూడా ఎంచుకోండి. ఇక్కడ పొరపాటు పడితే సాఫ్ట్‌వేర్ సూది స్థానాన్ని సరిగా చదవలేకపోతుంది.

తరువాత రికార్డును తిప్పి సాఫ్ట్‌వేర్‌లో కనిపించే సంకేత చిత్రాన్ని చూడండి. అసలు పరీక్ష ఇదే. చక్కటి గుండ్రని వలయం కనిపిస్తే సంకేతం బాగున్నట్లు. కోడిగుడ్డులా సాగితే చానళ్ల మధ్య సమతౌల్యం లేనట్లు. ఒకే గీతగా మారితే ఒక చానల్ అందడం లేదన్నమాట, కనుక హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ను బిగించే భాగం) పిన్నులను, ప్లగ్గులను పరీక్షించాలి. వలయం గుండ్రంగానే ఉండి పాట వెనక్కు నడుస్తుంటే ఎడమ, కుడి తీగలు తారుమారయ్యాయి. స్పీకర్ల బేస్ పెంచినప్పుడు మాత్రమే వలయం వణికితే, ఆ కంపనం బల్ల ద్వారా సూదికి చేరుతున్నది. టర్న్‌టేబుల్‌ను స్పీకర్లున్న బల్ల మీద నుంచి తీసేయాలి.

ఆలస్యం విషయానికి వస్తే, సెకనుకు 44,100 నమూనాల వద్ద 512 నమూనాల బఫర్ (శబ్దాన్ని కొద్దిసేపు నిల్వ ఉంచే చోటు) దాదాపు 11.6 మిల్లీసెకన్లు, 128 నమూనాల బఫర్ దాదాపు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పాట మిక్స్ చేయడానికి మొదటిది సరిపోవచ్చు గానీ, చేతికి వెంటనే బదులు రావలసిన స్క్రాచింగ్‌లో తేడా తెలిసిపోతుంది. విండోస్‌లో ఇంటర్‌ఫేస్‌కు చెందిన ఏఎస్ఐఓ (ఆలస్యాన్ని తగ్గించే రకం) డ్రైవర్‌ను ఎంచుకుని, బఫర్‌ను మెల్లగా తగ్గిస్తూ వెళ్లి, చిటపటలు మొదలైన చోట ఒక మెట్టు వెనక్కు రండి.

వినైల్ కంట్రోల్ మోడ్‌లలో, సూది స్థానాన్ని కాక రికార్డు కదలికను మాత్రమే చూసే రిలేటివ్‌నే నేను సూచిస్తాను, ఎందుకంటే అందులో సూది గాడి దాటి ఎగిరినా పాట తన చోటు విడిచిపోదు. సూదిని ఎత్తి నచ్చిన చోట పెట్టి ఆ భాగానికి చేరుకోవాలనుకునేవారికి అబ్సల్యూట్ మోడ్ కావాలి. వేగం మారినా స్వరాన్ని మారనివ్వని కీ లాక్‌ను తప్పక ఆపివేయండి. వేగంతో పాటు స్వరం మారడమే స్క్రాచ్‌కు ప్రాణం. చివరగా మిక్సర్‌లో క్రాస్‌ఫేడర్ (రెండు డెక్‌ల మధ్య శబ్దాన్ని మార్చే మీట) కర్వ్‌ను, అంచు నుంచి కొద్దిగా కదపగానే శబ్దం పూర్తిగా తెరుచుకునేటట్లు పదునుగా పెట్టుకుని, పొట్టి శబ్దపు ముక్క ఒకదానితో ముందుకూ వెనక్కూ నెమ్మదిగా, ఆపై వేగంగా కదిపి చూడండి. నెమ్మదిగా కదిపినప్పుడే శబ్దం తెగుతుంటే మళ్లీ సూదినీ వలయాన్నీ చూడాలి; వేగంగా కదిపినప్పుడు మాత్రమే వెనకబడుతుంటే బఫర్‌ను చూడాలి.