ఎస్‌ఎస్‌ఈ మెసేజీలు ఆగి ఆగి గుంపుగా వస్తున్నాయా?

సమస్య: ఆర్డర్ స్టేటస్ పేజీకి సర్వర్-సెంట్ ఈవెంట్స్ (ఎస్‌ఎస్‌ఈ: తెరిచి ఉంచిన ఒకే కనెక్షన్ మీద సర్వర్ బ్రౌజర్‌కి మెసేజీలు పంపుతూ ఉండే పద్ధతి) పెట్టాం. ల్యాప్‌టాప్‌లో సెకనుకో మెసేజ్ చక్కగా వచ్చింది. లైవ్ సర్వర్‌లో పెట్టాక స్క్రీన్ కదల్లేదు. కాసేపటికి మెసేజీలన్నీ ఒక్కసారిగా ఊడిపడ్డాయి. కోడ్‌ని తిట్టుకుంటూ ఒక పూట తగలేశాను. కోడ్‌లో ఏ తప్పూ లేదు.

అందుకే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. సర్వర్‌లోకి లాగిన్ అయి, కర్ల్‌ని (కమాండ్ లైన్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే టూల్) నో-బఫర్ ఆప్షన్‌తో నేరుగా యాప్ పోర్ట్ మీద నడపండి. తర్వాత అదే పని డొమైన్ పేరుతో చేయండి. మొదటిసారి లైన్లు ఒక్కొక్కటే పడి, రెండోసారి ఆగిపోతే దొంగ మధ్యలో ఉన్నట్టే.

కారణం: యాప్ ముందు కూర్చున్న ఎన్‌జిన్ఎక్స్ (nginx), అంటే బ్రౌజర్‌కీ యాప్‌కీ మధ్య ఉండే ప్రాక్సీ సర్వర్. ప్రాక్సీ బఫరింగ్ దాంట్లో డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. యాప్ పంపింది పోగేసుకుని, బఫర్ నిండాకే బ్రౌజర్‌కి వదులుతుంది. మామూలు పేజీలకు అది మేలే, మనకే చేటు.

పరిష్కారం: ఎన్‌జిన్ఎక్స్ కాన్ఫిగ్‌లో ఈ రూట్‌కి సంబంధించిన ఒక్క లొకేషన్ బ్లాక్‌కి ప్రాక్సీ బఫరింగ్ ఆఫ్ చేయండి. లేదా యాప్ నుంచే 'ఎక్స్-యాక్సెల్-బఫరింగ్: నో' అనే హెడర్ పంపండి. నాకు రెండోదే ఇష్టం. కాన్ఫిగ్ ఫైల్ కోసం ఇంకొకరి చుట్టూ తిరగక్కర్లేదు. యాప్‌లో జీజిప్ కంప్రెషన్ ఉంటే ఈ రూట్‌కి దాన్నీ తీసేయండి, అదీ ఇలాగే పోగేస్తుంది.

కర్ల్‌లో అంతా బాగుండి బ్రౌజర్ మాత్రం ఉలకదు, పలకదు అంటే, ఈవెంట్ చివర ఖాళీ లైన్ ఉందో లేదో చూడండి. అది లేనిదే ఈవెంట్ పూర్తయినట్టు కాదు. కంటెంట్ టైప్ 'టెక్స్ట్/ఈవెంట్-స్ట్రీమ్' అని ఉండాలి.

మెసేజీలు లేని వేళ సరిగ్గా నిమిషానికి కనెక్షన్ తెగుతోందా? అది ఎన్‌జిన్ఎక్స్‌లోని ప్రాక్సీ రీడ్ టైమౌట్ (యాప్ నుంచి ఏదైనా వస్తుందని అది ఎదురుచూసే సమయం), డిఫాల్ట్ 60 సెకన్లు. 15 సెకన్లకోసారి కోలన్‌తో మొదలయ్యే లైన్ ఒకటి పంపండి. బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు, కనెక్షన్ మాత్రం బతుకుతుంది. తెగినా ఈవెంట్‌సోర్స్ (బ్రౌజర్‌లో ఎస్‌ఎస్‌ఈ అందుకునే భాగం) తనంతట తానే మళ్లీ కలుస్తుంది. మెసేజీలకు ఐడీలు ఇచ్చి ఉంటే, చివరిగా అందినదాన్ని 'లాస్ట్-ఈవెంట్-ఐడీ' హెడర్‌లో చెబుతుంది. మధ్యలో పోయినవి వెతికి పంపడం మాత్రం మన పనే.

ఇక ఏడో ట్యాబ్ తెరవగానే సైట్ బిగుసుకుపోతే, కారణం ఇది: ప్రతి ట్యాబ్ ఒక కనెక్షన్ పట్టుకుని కూర్చుంటుంది, హెచ్‌టీటీపీ/1.1లో ఒక్కో డొమైన్‌కి బ్రౌజర్ ఇచ్చేవి 6 కనెక్షన్లే. హెచ్‌టీటీపీ/2 ఆన్ చేయండి. బ్రౌజర్లు హెచ్‌టీటీపీఎస్ మీదే అది మాట్లాడతాయి కాబట్టి, లోకల్‌లో ఉత్త హెచ్‌టీటీపీతో టెస్ట్ చేస్తే ఆ ఆరు హద్దు అలాగే ఉంటుంది.