వెంట్రుకల్లేకుండా మేకపిల్ల పుడితే ముందు గొంతు తడమండి

సమస్య: 150 రోజులు నిండాకే మేక ఈనింది. పిల్ల ఒంటిమీద మాత్రం నూగు తప్ప వెంట్రుక లేదు. చర్మం ఉబ్బినట్టుంది, లేచి చన్ను పట్టడం లేదు. చాలామంది గజ్జి అనుకుని వేపనూనె రాస్తారు. గజ్జి పుట్టుకతో రాదు.

పిల్ల తల కాస్త ఎత్తి, దవడ కింద నుంచి గొంతుగొట్టం వెంట రెండు వేళ్లు దించండి. పైభాగంలోనే ఇరువైపులా గట్టి గడ్డలు తగిలితే అది థైరాయిడ్ వాపు, అంటే కడుపులో ఉండగా అయోడిన్ అందలేదు. (బాగా పాలు తాగే పిల్లలకు కొన్ని వారాల తర్వాత గొంతు కింద మెత్తగా ఉబ్బుతుంది. వెంట్రుకలు బాగానే ఉంటాయి. అది వేరు, దానికి అయోడిన్ వద్దు.)

కారణం: తల్లి మేత. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ అనే పదార్థం పొట్టలో మారి, థైరాయిడ్ అయోడిన్‌ను వాడుకోకుండా అడ్డుపడుతుంది. క్యాబేజీ ఆకులు, ఆవచెక్క ఎక్కువైనా ఇదే తంటా.

పిల్లకు: తుడిచి గోనెపట్టలో చుట్టి వెచ్చగా ఉంచండి. గంటలోపు జున్నుపాలు పిండి పట్టండి. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం కనీసం 200 మి.లీ., నాలుగైదు విడతలుగా. అయోడిన్ మోతాదు డాక్టరే చెప్పాలి, ఎక్కువైనా హానే. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

తల్లికి: సుబాబుల్ మేతలో మూడో వంతు దాటకూడదు. చూడి చివరి రెండు నెలలు మానేస్తే ఇంకా మంచిది. వంటింటి ఉప్పు చాలదు. కిలోకు 15 మి.గ్రా. అయోడిన్ ఉన్న ఉప్పు రోజుకు 10 గ్రాములు పెట్టినా అందేది 0.15 మి.గ్రా. మాత్రమే. కిలోన్నర ఎండుమేత తినే చూడి మేకకు ఒక మిల్లీగ్రాము పైనే కావాలి. అందుకే లేబుల్ మీద అయోడిన్ రాసి ఉన్న ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 10 గ్రాములు దాణాలో కలపండి. సంచి మూతి బిగించి పొడిచోట పెట్టండి.

గడ్డ లేకపోతే: నెలలు నిండకుండా పుట్టిందేమో చూడండి. దూడైతే నోరు తెరవండి. నెలలు నిండిన దూడకు కింది ముందుపళ్లు పుట్టుకతోనే ఉంటాయి. పళ్లూ వెంట్రుకలూ రెండూ లేకపోతే వంశపారంపర్య లోపం, మందు లేదు. నీడన కట్టి, చలికి కప్పి సాకడమే. వణుకు, తూలుడు కూడా ఉంటే బీవీడీ (పశువుల్లో విరేచనాలు తెచ్చే) వైరస్‌కు పరీక్ష చేయించాలి.

వంశలోపమైతే అదే ఆవుకు అదే ఆబోతు వీర్యం మళ్లీ వేయించకండి. సూది వేసినప్పుడు స్ట్రా (వీర్యం ఉండే సన్న గొట్టం) మీది నంబరు రాసుకుని ఉంటేనే అది ఏ ఆబోతో తెలుస్తుంది. మేకల మందలో విత్తనపు పోతును మార్చేయండి, దాని పిల్లలను అదే పోతుకు కట్టించవద్దు.