యూరప్‌కి పరికరం అమ్మే ముందు, అది పాడయ్యే రోజు సంగతి తేల్చుకోండి

నెల్లూరులో మేం రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే మీటర్లు తయారు చేస్తాం. చిన్న వర్క్‌షాప్, ఆరుగురం. ఇన్నేళ్లూ ఇక్కడి రైతులకే అమ్మాం. ఆ మధ్య జర్మనీలో ట్యాంకుల్లో చేపలు పెంచే ఒక కంపెనీ 30 మీటర్లు అడిగింది. ధర కుదిరింది, సాంపిల్ నచ్చింది, ఇక పంపడమే అనుకుంటుండగా ఒక్క లైన్ మెయిల్ వచ్చింది: "మీ వీ నంబర్ చెప్పండి." సీఈ మార్క్ (వస్తువు యూరప్ నియమాలకు సరిపోతుందని వేసే గుర్తు) గురించి తెలుసు గానీ ఇదేంటో మాకెవరికీ తెలియదు. తెలుసుకుని పూర్తిచేసేసరికి ఆర్డర్ రెండు నెలలు ఆగిపోయింది. మీకు ఆ టెన్షన్ ఉండకూడదని ఇది రాస్తున్నాను.

డబ్ల్యూ త్రిబుల్ ఈ అని రాసి "వీ" అని పలుకుతారు, ఎలక్ట్రానిక్ చెత్త అని అర్థం. 2012/19 నంబరు యూరప్ ఆదేశం దీనికి మూలం. వస్తువును ఆ దేశం మార్కెట్లోకి ఎవరు తెచ్చారో, అది చెత్త అయ్యాక దాని బాధ్యత కూడా వాళ్లదే అని దాని సారం. 2018 ఆగస్టు 15 నుంచి, ప్రత్యేకంగా మినహాయించిన కొన్ని తప్ప, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే దాదాపు అన్నిటికీ ఇది వర్తిస్తోంది. "మాది చిన్న మీటరే కదా" అంటే కుదరదు.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, చట్టం లెక్కలో ఉత్పత్తిదారు ఎవరు అన్నది. మీరు నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో నేరుగా అక్కడి కంపెనీకి, ఆన్‌లైన్‌లోనో మెయిల్ మీదో అమ్మితే ఆ ఉత్పత్తిదారు మీరే. అదే జర్మనీలో ఉన్న డీలర్ మీ దగ్గర కొని, తన పేరు మీద దిగుమతి చేసుకుని అక్కడ అమ్మితే ఈ బాధ్యత ఆయన మీదికి వెళ్తుంది. ఏడాదికి పదో ఇరవయ్యో పంపేవాళ్లకు డీలర్ దారే మంచిదని నా అభిప్రాయం, కమిషన్ పోయినా సరే. అయితే "ఉత్పత్తిదారు బాధ్యత దిగుమతిదారుదే" అని ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి, నోటిమాట మీద వదిలేయొద్దు.

నేరుగా అమ్మేట్టయితే అక్కడ మీ తరఫున అధీకృత ప్రతినిధి ఉండాలి. జర్మనీలో స్టిఫ్టుంగ్ ఈఏఆర్ అనే సంస్థ దగ్గర బ్రాండ్ పేరుతో, పరికరం రకంతో రిజిస్టర్ చేయాలి. డీఈ అక్షరాల తర్వాత 8 అంకెలతో నంబర్ ఇస్తారు, మమ్మల్ని అడిగింది అదే. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే జరిమానా లక్ష యూరోల దాకా వెళ్లొచ్చు. ఈ నంబర్ జర్మనీ వరకే, ఫ్రాన్స్‌లో అమ్మాలంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయాలి. ఇంగ్లండ్‌కి పూర్తిగా వేరే చట్టం. అందుకే మొదట ఒక్క దేశంతోనే మొదలుపెట్టండి.

రిజిస్టర్ చేసేటప్పుడు ఇళ్లలో వాడేదా, వ్యాపారాల్లో మాత్రమే వాడేదా అని అడుగుతారు. మా మీటర్‌ను ఎవరూ ఇంట్లో వాడరు, కాబట్టి రెండో వర్గం. ఛార్జర్, ఎల్ఈడీ లైటు, చిన్న కెమెరా లాంటివైతే మీరు కంపెనీలకే అమ్మినా, ఇళ్లలో కూడా వాడే అవకాశం ఉందంటే ఇంటి సామాను కిందే లెక్కేస్తారు. అప్పుడు రేపు మీ కంపెనీ మూతపడినా చెత్త ఖర్చుకి డబ్బు ఉంటుందని హామీ కూడా చూపాలి. రెండో వర్గంలో ఆ హామీ అక్కర్లేదు గానీ, పాతబడ్డ పరికరాలను ఎలా వెనక్కి తీసుకుంటారో ప్రణాళిక రాసివ్వాలి, జర్మనీలో 2022 నుంచి ఇది తప్పనిసరి. తీసుకెళ్లే ఖర్చు ఎవరిదన్నది కొనేవాళ్లతో ముందే ఒప్పందం చేసుకునే వీలు చట్టంలోనే ఉంది, దాన్ని వాడుకోండి. మేం అక్కడి రీసైక్లర్‌తోనే మాట్లాడుకుని ఆ చిరునామాను మాన్యువల్‌లో ముద్రించాం.

చక్రాల చెత్తబుట్ట మీద ఇంటూ కొట్టి, కింద అడ్డగీత ఉన్న గుర్తు పరికరం మీద చెరిగిపోకుండా ఉండాలి. మరీ చిన్న వస్తువైతే ప్యాకింగ్ మీద, మాన్యువల్‌లో వేయొచ్చు.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ఎక్కువ పని పెట్టిన సంగతి. మన దగ్గర ఉప్పు గాలికి సర్క్యూట్ బోర్డు ఆరు నెలల్లో పచ్చబడిపోతుంది. అందుకని డబ్బా నిండా ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోసి మూసేసేవాళ్లం. నీళ్లు పోవు, గాలి పోదు, రైతుకి బాగానే ఉండేది. కానీ ఎపాక్సీ పోసినదాన్ని ఎవరూ రిపేర్ చేయలేరు, చచ్చిపోతే పారేయడమే. యూరప్‌లో రీసైక్లర్ చెత్తలోంచి బ్యాటరీని, 10 చదరపు సెంటీమీటర్లు దాటిన సర్క్యూట్ బోర్డును వేరుచేసి తీయాలి. మా డబ్బాలోంచి అవి తీయాలంటే సుత్తి పట్టుకోవాలి, లోపల ఉన్నది లిథియం బ్యాటరీ! సుత్తి దెబ్బకి అది అంటుకుంటే అక్కడ పనిచేసే మనిషి చేతులు ఏమవుతాయి? ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

డిజైన్ మార్చాం. బోర్డుకి పలచటి రక్షణ పూత, డబ్బాకి రబ్బరు గాస్కెట్, నాలుగు మామూలు స్టార్ స్క్రూలు, బ్యాటరీకి విడిగా చిన్న గది, జిగురు లేదు. ఒక్కో మీటర్‌కి ఖర్చు పెరిగింది, నిజమే. కానీ అదే డిజైన్ ఇప్పుడు మన రైతులకీ ఇస్తున్నాం, బ్యాటరీ పోతే వాళ్లే మార్చుకుంటున్నారు. యూరప్ బ్యాటరీ నియమం 2023/1542 ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే తీయగలిగేలా ఉండాలి. నీళ్లలో వాడే, కడుక్కునే కొన్ని పరికరాలకు సడలింపు ఉంది, వాటిలో నిపుణుడు తీయగలిగితే చాలు. ఆ సడలింపు కింద మా మీటర్ వస్తుందో రాదో వాదించుకోవడం కంటే స్క్రూలు పెట్టడం తేలిక. బ్యాటరీకి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది, మర్చిపోకండి. బ్యాటరీ ఎక్కడుందో, ఎలా విప్పాలో ఒక పేజీ బొమ్మ గీసి పెట్టుకోండి, కొత్త రకం పరికరం మార్కెట్లోకి వచ్చిన ఏడాదిలోపు ఆ వివరాలు రీసైక్లర్లకు అందుబాటులో ఉంచాలి.

బోర్డు మీద భాగాలను కరిగించి అతికించే లోహపు తీగ, అదే సోల్డర్, దాని సంగతి కూడా చూసుకోవాలి. బజార్లో దొరికే మామూలు తీగలో సీసం సగం దాకా ఉండొచ్చు. యూరప్ పరిమితి 0.1 శాతం, కాడ్మియంకైతే 0.01. ఆ దేశాలకు వెళ్లే బోర్డులకు విడి టేబుల్, విడి సోల్డరింగ్ ఐరన్, సీసం లేని తీగ పెట్టుకోండి. రిపేర్‌కి వచ్చిన బోర్డునూ ఆ టేబుల్ మీదే పట్టాలి.

రిపేర్ అంటే చాలామంది పొరబడేది ఒకటుంది. 2024/1799 నంబరుతో వచ్చిన "రిపేర్ హక్కు" ఆదేశాన్ని 2026 జులై 31 లోపు ఆ దేశాలు అమల్లోకి తేవాలి. అది వినియోగదారుల కోసం, అదీ వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, ఫోన్ లాంటి జాబితాలోని వస్తువులకు. కంపెనీకి అమ్మిన మా మీటర్‌కి అది వర్తించదు. అయినా కొనేవాళ్లు స్పేర్లు ఎన్నేళ్లు ఇస్తారని అడుగుతారు, అడగాలి కూడా. ఫోన్లు, ట్యాబ్లెట్లకు యూరప్ 7 ఏళ్లు అంటోంది కాబట్టి మేమూ 7 అని రాసిచ్చాం.

పాడైన మీటర్‌ని నెల్లూరు తెప్పించి బాగుచేసి పంపొచ్చా? వారంటీలో ఉంటే పంపొచ్చు. ఇది రెండు కంపెనీల మధ్య ఒప్పందం ప్రకారం, వారంటీ కింద, మళ్లీ వాడటానికే తయారీదారుకి వెళ్తోందని కాగితం ఉండాలి, ఏ వస్తువూ చెత్త కాదని పంపేవాళ్ల ప్రకటన, సరైన ప్యాకింగ్ కూడా ఉండాలి. వారంటీ దాటాక మన దేశానికి పంపడం చిక్కుతో కూడిన పని. అందుకే వారంటీ మూడేళ్లకు పెంచి, ఆ తర్వాతి రిపేర్లకు అక్కడే ఒక టెక్నీషియన్‌ని చూసుకుని, స్పేర్లు ఇక్కడి నుంచి పంపుతున్నాం. సీరియల్ నంబర్లు మొదటి ఎగుమతి కాగితాల్లో ఉంటేనే తిరిగి వచ్చేటప్పుడు చెన్నై కస్టమ్స్‌లో పని నడుస్తుంది. పంపేముందే మీ కస్టమ్స్ బ్రోకర్‌తో ఒకసారి కూర్చోండి.

ఇక చెత్తగా అయితే యూరప్ నుంచి మన దేశానికి ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ రాకూడదు, 2025 జనవరి 1 నుంచి పూర్తి నిషేధం. ఇది మంచి మనసుతో సాయం చేసేవాళ్లకీ వర్తిస్తుంది. మా బావ జర్మనీలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతాడు. "బామ్మర్దీ, ఆఫీసులో పాత లాప్‌టాప్‌లు 26 ఉన్నాయి, చీమకుర్తిలో మా ఊరి బడికి పంపుతా" అన్నాడు. వద్దన్నాను. వాడిన వస్తువుగా పంపాలంటే పూర్తిగా పనిచేస్తోందని ఒక్కోదానికి పరీక్ష రికార్డు, బదిలీ ఒప్పందం, చెత్త కాదని ప్రకటన, సరైన ప్యాకింగ్ కావాలి. ఒక్కటి లేకపోయినా మొత్తాన్ని చెత్త కింద లెక్కేసి, వెనక్కి తెప్పించే ఖర్చు పంపినవాళ్ల మీదే వేయగలరు. మన వైపు పాత లాప్‌టాప్‌ల దిగుమతికీ అనుమతి కావాలి. పైగా డిస్కుల్లో కస్టమర్ల వివరాలున్నాయి, అవి బయటపడితే 72 గంటల్లోపు అక్కడి అధికారులకు చెప్పాల్సి రావొచ్చు.

చివరికి బావ డిస్కులు పూర్తిగా చెరిపించి, సర్టిఫికెట్ తీసుకుని, లాప్‌టాప్‌లను అక్కడే బాగుచేసి అమ్మే కంపెనీకి ఇచ్చాడు. వచ్చిన డబ్బు ఇక్కడికి పంపితే చెన్నై రిచీ స్ట్రీట్‌లో పిల్లలకు సరిపోయే వాడిన కంప్యూటర్లు 11 కొన్నాం. అవి చచ్చిపోయాక ఏ రీసైక్లర్‌కి ఇవ్వాలో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ అయినవాళ్లలోంచి ఒకరిని చూసి, ఆ కాగితాన్ని హెడ్‌మాస్టర్ గారి బీరువాలో పెట్టించాను.